బొట్టు చిక్కుడు మేట

దుప్పటి మెడదాకా కప్పుకున్నావా? ఆ కాళ్ళు కూడా లోపల పెట్టు. ఊఁ కొట్టాలి సుమా. నువ్వు ఊఁ కొట్టడం మానేశావంటే నా కథ నడిగోదాట్లో ఆగిపోతుంది, మళ్ళీ తెడ్డు వెయ్యడం నా వల్ల కాదు.

అనగనగా ఒక ఊళ్ళో... ఊరంటే నువ్వు బస్సు కిటికీలోంచి చూసే ఊళ్ళలాంటిది కాదు. ఆ ఊరికి నాలుగు వైపులా గోదారే. మధ్యలో పళ్ళెంలో ముద్దపప్పులాగా ఇంత ఊరు. దాని పేరు పాలపిట్టలంక.

ఆ ఊరికి రోడ్డు లేదు. ఉప్పు కావాలన్నా పడవే, ఊదొత్తులు కావాలన్నా పడవే. పెళ్ళికొడుకు పడవ మీదే వస్తాడు, పెళ్ళికూతురు పడవ మీదే పోతుంది. ఓసారి ఓ పెళ్ళికొడుకు పడవలో కళ్ళు తిరిగి, పీటల మీద కూడా ఊగుతూనే ఉన్నాడట. మూడు ముళ్ళు వెయ్యమంటే నాలుగు వేశాడట. గేదెలకి మాత్రం పడవ అక్కర్లేదు. పొద్దున్నే ముక్కులు పైకెత్తుకుని అవతలి ఒడ్డుకి ఈదుకుంటూ పోయేవి, సాయంత్రం మళ్ళీ ఈదుకుంటూ వచ్చేవి.

గోదారమ్మకి ఆ ఊరంటే ప్రాణం. అందుకే ఎగువ వైపు నుంచి కొంచెం కొంచెం కొరుక్కు తినేది. నవ్వకు, నిజం! ఇవాళ గట్టు ఉన్న చోట రేపు నీళ్ళు. కానీ తిన్నదంతా కడుపులో దాచుకునేది కాదు. ఏడాదికో రెండేళ్ళకో లంక తోక దగ్గర, దిగువన, ఇసకా ఒండ్రూ కలిపి కుప్పగా తెచ్చి పోసేది. వరద తియ్యగానే కొత్త నేల మెల్లగా వీపు చూపించేది. దాన్ని మేట అనేవాళ్ళు.

అలా ఆ ఊళ్ళో భూమి ఒకచోట నిలబడదు, నడుస్తుంది. ఆ ఊరివాళ్ళందరికీ చిన్నప్పట్నించీ ఒకే కల వచ్చేదట. ఇళ్ళూ, కొబ్బరిచెట్లూ, కోళ్ళగంపలూ, అన్నీ కలిసి చప్పుడు చెయ్యకుండా సముద్రం వైపు నడిచిపోతున్నట్టు. పొద్దున్న లేచి, "నీకూ వచ్చిందా?" "నాకూ వచ్చింది" అనుకుని పనుల్లోకి పోయేవాళ్ళు.

మరి నడిచే భూమిలో ఇది నాది, అది నీది అని ఎలా తెలుస్తుంది? కాగితం రాసుకుంటే పోలా అంటావు. పట్టా పెట్టెలో ఉంటుంది, పొలం ఏట్లో ఉంటుంది, ఏం చేసుకుంటావు?

అందుకని వాళ్ళకో ఆచారం ఉండేది. ప్రతి ఇంటికీ ఒక గింజ. దాన్ని ఆనవాలు గింజ అనేవాళ్ళు. ఒకరిది గుమ్మడి, ఒకరిది బంతి, ఒకరిది దోస. ఆ గింజల్ని ఎండిన సొరకాయ బుర్రలో పోసి, వాసానికి వేలాడదీసేవాళ్ళు. ఒకరి గింజ ఇంకొకరు వెయ్యకూడదు.

గోదారి కోసుకుంటూ కోసుకుంటూ పొలానికి ఏడడుగుల దూరంలోకి వచ్చిందనుకో. అప్పుడు ఆ ఇంటివాళ్ళు బుర్ర దించి, గింజలన్నీ గట్టు మీద చల్లేవాళ్ళు. చల్లి, "వెళ్ళి రా తల్లీ" అనేవాళ్ళు. పొమ్మనకూడదు. వెళ్ళి రమ్మనాలి. అప్పుడు నేలా గింజా కలిసి ఏట్లోకి దిగేవి, కలిసి ప్రయాణం చేసేవి. ఆ తర్వాత ఎప్పటికో లంక తోక దగ్గర మేట లేస్తే, దాని మీద ఏ మొక్క మొలిస్తే ఆ ఇంటివాళ్ళదే ఆ నేల. వాళ్ళు చెంబుతో నీళ్ళు తీసుకెళ్ళి, మేట మీద పోసి, "కాళ్ళు కడుక్కో తల్లీ" అనేవాళ్ళు. ఏళ్ళ తరబడి నీళ్ళలో నానిన దాన్ని కాళ్ళు కడుక్కోమనడమేంటి అంటావా? ఊరెళ్ళి వచ్చినవాళ్ళని అలాగే అనాలి. అది మర్యాద.

ఆ ఊళ్ళో భూలోకమ్మ అని ఒకావిడ ఉండేది. పిలవడానికి పొడుగైందని అందరూ లోకమ్మ అనేవాళ్ళు. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. ఉన్నదల్లా ఎగువ వైపు అరెకరం చెక్క, దాని చివర తాటాకిల్లు. పొద్దున్న లేస్తూనే ఆ నేలతో మాట్లాడేది. "ఏమే, రాత్రి బాగా పట్టిందా నిద్ర?" అనేది. అదేం చెప్పేదో లోకమ్మకే తెలియాలి.

లోకమ్మ ఇంటి గింజ బొట్టు చిక్కుడు. తెల్లటి గింజ, నడుమ ఎర్రగా గుండ్రంగా చుక్క. చెప్పానుగా, ఆ లంకలో ఇంకెవరికీ అది లేదు. అత్తగారు పోతూ పోతూ బుర్ర తెచ్చి లోకమ్మ చేతిలో పెట్టి, "అన్నం లేకపోతే అడుక్కు తినవే అమ్మా. ఇది మాత్రం ముట్టుకోకు" అంది.

లోకమ్మ సరేనంది. కానీ ఆవిడకో జబ్బు ఉంది. లేదు అనే మాట నోటికి రాదు. ఉప్పు అడిగితే పప్పు కూడా ఇచ్చే రకం. ఇలాంటివాళ్ళతో కాపురం చెయ్యడం కష్టం, కథ చెప్పడం సులువు.

ఆ ఏడాది వానలు ముందే పట్టుకున్నాయి. పెరట్లో పాదుకి పెట్టిన చిక్కుడు గింజలు నీళ్ళు నిలిచి కుళ్ళిపోయాయి. మిగిలినవల్లా బుర్రలోవే.

అప్పుడు ఒకరోజు ఎగువకి పోయే పడవొకటి గాలివానకి రేవులో ఆగిపోయింది. అందులో ఓ చూలాలు, పురిటికి పుట్టింటికి వెళ్తోంది. లోకమ్మ ఆ పిల్లని ఇంటికి తీసుకొచ్చి, తల తుడిచి, అన్నం పెట్టింది. ఆ పిల్ల ముద్ద కలిపింది గానీ నోట్లో పెట్టుకోలేదు.

"ఏమనుకోకు పిన్నీ, చిక్కుడు గింజల పులుసు తినాలని ఉంది. వారం నించీ అదే యావ" అంది.

ఆషాఢంలో చిక్కుళ్ళెక్కడివి? లోకమ్మ వాసం వైపు చూసింది. అత్తగారి మాట గుర్తొచ్చింది. ఆ పిల్ల కడుపు కూడా కనిపించింది. బుర్ర దించి, దోసెడు గింజలు నానబోసి, పులుసు పెట్టింది. ఆ పిల్ల మూడుసార్లు అడిగి వేయించుకుంది. వెళ్ళేటప్పుడు ఇంకో గుప్పెడు గింజలు తనే కొంగున ముడేసుకుంది. లోకమ్మ నవ్వి ఊరుకుంది. గాలి తగ్గాక పడవ ఎగువకి పోయింది.

ఆ తర్వాత పది రోజులకి ఇంకో పడవ. అందులో ఒక ముసలాయన, భుజం మీద గునపం, ఇంకేం లేవు. ఆయన ఉండే లంకని మొత్తంగా ఏరు మింగేసిందట. ఎగువన ఎక్కడో గట్టు వార కాస్త చోటు చూసుకుందామని వెళ్తున్నాడు.

"గునపం ఉంది తల్లీ, తవ్వుతాను. తవ్వి ఏం పెట్టను? గింజ లేదు" అన్నాడు. అడగలేదు పాపం, అన్నాడంతే.

లోకమ్మ బుర్రలో ఉన్నవాటిలో సగం ఆయన పైపంచెలో పోసింది. ఆయన దండం పెట్టబోతే, పెద్దవారు మీరు నాకు పెట్టకూడదని చేతులు పట్టుకుంది. ఆ పడవా ఎగువకే పోయింది.

ఆ తర్వాత మూడో పడవ. ఒక తల్లి, ఒళ్ళో నీ అంత పిల్ల. పిల్లకి జ్వరం. ఎగువన పెద్దూళ్ళో డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నారు. ఎదురుగాలికి పడవ కదలడం లేదు. ఆ పిల్ల ఏడుపు ఊరంతా వినిపిస్తోంది. అటుకులిచ్చినా వద్దంది, బెల్లమిచ్చినా వద్దంది.

అప్పుడు లోకమ్మ అటక మీంచి వామనగుంటల పీట దింపింది. ఆడాలంటే గింజలు కావాలి కదా. బుర్ర బోర్లించింది. ఎర్రబొట్టు గింజలు పీట మీద గలగలమని పడ్డాయి. పిల్ల ఏడుపు ఆపి, "వీటికి బొట్టెవరు పెట్టారు?" అంది.

"వాళ్ళమ్మ" అంది లోకమ్మ.

పిల్ల ఒక్కో గుంటలో ఒక్కో గింజ వేసుకుంటూ వేసుకుంటూ నిద్రపోయింది. గుప్పిట్లోవి మాత్రం వదల్లేదు. గాలి తిరిగింది, పడవవాడు తొందరపెట్టాడు. లోకమ్మ మిగతా గింజలు కూడా మూటగట్టి, ఆ తల్లి చేతిలో పెట్టి పంపేసింది.

ఏంటీ? ఒక్క గింజైనా దాచుకోలేదా అంటావా? నేనైతే దాచుకునేదాన్ని. నాలుగు దాచుకుని రెండే ఉన్నాయని చెప్పేదాన్ని కూడా. లోకమ్మ దాచుకోలేదు. ఏరింకా నలభై అడుగుల దూరంలో ఉంది కదా, ఈలోగా ఏదో ఒకటి కాకపోదులే అనుకుంది. పోనీ ఆ ముగ్గురి ఊరూ పేరూ అయినా అడిగిందా? అదీ లేదు. కంచంలో అన్నం వడ్డిస్తూ ఊరూ పేరూ అడగడం ఆవిడకి చేతకాదు.

ఏరు ఊరుకుంటుందా? శ్రావణంలో ఎర్రనీళ్ళు దిగాయి. సోమవారం నలభై అడుగులు. గురువారం ఇరవై. ఆదివారం పొద్దున్నకి ఏడే ఏడు. ఊరంతా గట్టు మీదికి వచ్చింది. అది కూడా ఆచారమే, ఎవరి నేల వెళ్తున్నా అందరూ సాగనంపడానికి రావాలి.

ఊరి పెద్ద తాతబ్బాయి ముందు నిలబడ్డాడు. ఆయన మంచివాడే గానీ ఆచారం దగ్గర మాత్రం కొయ్యలాంటి మనిషి. గడియారం తప్పినా తాతబ్బాయి తప్పడనేవాళ్ళు. లోకమ్మ మొగుడికి మేనమామ వరస.

"లోకమ్మా, బుర్ర తెచ్చావా?" అన్నాడు.

లోకమ్మ బుర్ర తెచ్చింది. బోర్లించింది. ఏమీ పడలేదు.

"గింజలేవే?"

"ఇచ్చేశాను మావయ్యగారూ."

"ఎవరికి?"

"పడవల్లో వచ్చినవాళ్ళకి. పేర్లు తెలీవు."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఎవరో, "పులుసులో పొలం వండి పెట్టేసిందిరోయ్" అన్నారు. తాతబ్బాయి నవ్వలేదు. తలపాగా తీసి, మళ్ళీ చుట్టుకుని, "మా గుమ్మడి గింజలిమ్మంటే ఇస్తాను. కానీ గుమ్మడి మొలిస్తే ఆ మేట నాదవుతుంది. నీదని నేననలేను. ఏం చెయ్యను చెప్పు?" అన్నాడు.

"వద్దులెండి" అంది లోకమ్మ.

గట్టు అంచుకి వెళ్ళి, వంగి, నేల మీద ఒట్టి చెయ్యి పెట్టింది. "వెళ్ళి రా తల్లీ. బొట్టు పెట్టకుండా పంపిస్తున్నాను. తప్పు నాది, నువ్వేమీ అనుకోకు" అంది. అప్పటిదాకా నవ్వినవాళ్ళు కూడా అప్పుడు నవ్వలేదు.

ముందు గట్టు దిగింది. ఆ తర్వాత వంగతోట దిగింది. ఆ తర్వాత ఇల్లు, తాటాకులు తేలుతూ, కొంచెం దూరం ఇల్లులాగానే వెళ్ళి, మలుపు తిరిగింది. లోకమ్మ చేతిలో ఒక చెంబు, ఒక చాప, ఆ ఖాళీ బుర్ర మిగిలాయి.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. లంక చిన్నది, నోళ్ళెక్కువ. అందుకని ఆ ఊళ్ళో ఒక కట్టుబాటు. నేల పోయినవాళ్ళకి మూడు వానాకాలాలు గడువు. ఈలోగా వాళ్ళ గింజ మేట మీద మొలిచిందా సరేసరి. లేదంటే కార్తీక పున్నమి దాటాక పడవెక్కి అవతలి ఒడ్డుకి వెళ్ళిపోవాలి. లోకమ్మకి అవతలి ఒడ్డున ఎవరున్నారు? ఎవరూ లేరు. ఆవిడ పెళ్ళైనప్పుడు ఒక్కసారి గోదారి దాటి వచ్చింది, అంతే. మళ్ళీ కాలు తీసి అవతల పెట్టలేదు.

రేవు పక్కన సరంగు సత్తిరాజు పడవ సామాను పెట్టుకునే పాక ఉంది. అందులో ఒక మూల లోకమ్మకిచ్చాడు. ఈ సత్తిరాజు ఎలాంటివాడంటే, ఆయన నోట్లోంచి మాట రావాలంటే ముందు గోదారికి వరద రావాలి. "ఉండక్కా" అన్నాడు, అంతే. ఆ మాట మీద లోకమ్మ మూడేళ్ళుంది. వాళ్ళ కళ్ళాల్లో వీళ్ళ పొలాల్లో పనిచేసేది. రేవులో ఆగిన పడవలవాళ్ళకి గంజి కాచి పోసేది. ఇంత జరిగినా ఆ బుద్ధి పోలేదు చూడు.

మొదటి ఏడాది దసరా వెళ్ళాక లంక తోక దగ్గర మేట లేచింది. ఊరంతా పరిగెత్తింది. అన్నిటికంటే ముందు లోకమ్మ పరిగెత్తింది. గుండ్రటి ఆకులు, గరుకు తీగలు. గుమ్మడి. తాతబ్బాయిది. ఆయన చెంబుతో నీళ్ళు పోసి, కాళ్ళు కడుక్కోమన్నాడు.

రెండో ఏడాది ఇంకో మేట. దాని నిండా బంతిమొక్కలు. సత్తిరాజుది. ఆయన నీళ్ళు పోస్తూ లోకమ్మ వైపు చూడలేకపోయాడు.

మూడో ఏడాది దీపావళి ముందు పెద్ద మేట లేచింది. పొడుగ్గా, తెల్లగా, పడుకున్న ఆవులాగా. లోకమ్మ ఆ చివర నుంచి ఈ చివరకి మోకాళ్ళ మీద వెతికింది. ఒక్క మొలక లేదు. గడ్డిపోచ కూడా లేదు. అంతా ఒట్టి ఇసకే.

"ఇది నాదే మావయ్యగారూ. పట్టుకుంటే తెలుస్తోంది" అంది.

"నీదే అయ్యుండొచ్చమ్మా. ఆనవాలేదీ?" అన్నాడు తాతబ్బాయి.

ఆనవాలు లేదు. బోడిమేట ఊరందరిదీ అని తేల్చేశారు. ఆ తర్వాత ఇంకెవరూ దాని మొహం చూడలేదు.

పున్నమికి ముందు తుఫాను వాన మూడు రోజులు కురిసింది. వేళ కాని వేళ చిన్న వరదొకటి వచ్చింది. ఆ బోడిమేట రెండు రోజులు మునిగి, మళ్ళీ తేలింది. పున్నమి వెళ్ళి, ఇంకో ఐదు రోజులు గడిచాయి. తాతబ్బాయి రేవులోకి వచ్చి, పాక ముందు నిలబడి, గొంతు సవరించుకున్నాడు. ఆయనేమీ అనకముందే లోకమ్మ చాప చుట్టేసింది.

"రేపు పొద్దున్నే వెళ్తాను మావయ్యగారూ" అంది.

మర్నాడు తెల్లవారింది గానీ ఏమీ కనిపించలేదు. అంత మంచు. ఏరు ఎక్కడ ఆగిందో ఆకాశం ఎక్కడ మొదలైందో తెలీదు. కొబ్బరిచెట్లు మొదళ్ళు లేకుండా గాల్లో తేలుతున్నట్టున్నాయి. లోకమ్మకి తన కలే గుర్తొచ్చింది, ఊరు నడిచిపోయే కల. ఈసారి ఊరు ఆగింది, నేను నడుస్తున్నాను అనుకుంది.

రేవులో ఊరంతా ఉంది. లోకమ్మ పడవెక్కి, చెంబూ బుర్రా ఒళ్ళో పెట్టుకుని, అలవాటుగా, "వెళ్ళొస్తాను" అంది.

ఎవరైనా ఏమంటారు? వెళ్ళి రా అంటారు. కానీ ఆవిడ రాకూడదు కదా, కట్టుబాటు. తాతబ్బాయి నోరు తెరిచాడు. మాట నాలిక చివరిదాకా వచ్చింది. మళ్ళీ మింగేశాడు. పెద్దరికం అంటే అదేనమ్మా, తియ్యటి మాట మింగేసి చేదుగా నిలబడ్డం. నాకైతే ఆ తాతబ్బాయిని చూస్తే జాలీ వేస్తుంది, రెండు తగిలించాలనీ అనిపిస్తుంది.

సత్తిరాజు గెడ వేశాడు. పడవ మంచులోకి జారింది. రేవు పోయింది. మనుషులు పోయారు. కాసేపు కుక్క మొరిగింది, అదీ పోయింది. గెడ నీళ్ళలో దిగే చప్పుడొక్కటే మిగిలింది. లోకమ్మ కళ్ళు మూసుకుంది. తన ఇల్లు తాటాకులతో తేలుతూ పక్కనే వస్తున్నట్టు, వంగతోట కింద ఎక్కడో లోతుల్లో పూస్తున్నట్టు, నేల తనని "ఏమే, నిద్ర బాగా పట్టిందా?" అని అడుగుతున్నట్టు అనిపించింది.

అప్పుడు పడవ కర్రుమని ఆగిపోయింది.

"మంచులో దారి తప్పి మేట మీదెక్కేసింది. మంచు తియ్యాలక్కా" అన్నాడు సత్తిరాజు.

సరే, కూర్చున్నారు. కొంచెంసేపటికి ఎండ వెచ్చగా తగిలింది. మంచు దుప్పటి లాగినట్టు పైకి లేచింది. ముందు పడవ ముక్కు కనిపించింది. ఆ తర్వాత తడిసిన ఇసక కనిపించింది. ఆ తర్వాత...

లోకమ్మ లేచి నిలబడింది. పడవ ఊగిపోయింది.

ఆ బోడిమేట నిండా మొలకలు. ఇంతింత, వేలెడంత. చిక్కుడు మొలక చూశావా ఎప్పుడైనా? గింజని మట్టిలో వదిలెయ్యదు. నెత్తి మీద పెట్టుకుని పైకి వస్తుంది. అక్కడున్న ప్రతి మొలక నెత్తి మీదా తెల్లగింజ పొట్టు. ప్రతి పొట్టు మీదా ఎర్రబొట్టు. ఆ చివర నుంచి ఈ చివరదాకా, బొట్టు పెట్టుకుని పేరంటానికి వచ్చినట్టు నిలబడి ఉన్నాయి.

లోకమ్మ ఇసకలోకి దిగింది. అడుగు ఎక్కడ వెయ్యాలో తెలీక ఒంటికాలి మీద నిలబడింది. "వచ్చావా! నేను బొట్టు పెట్టకపోయినా నువ్వే పెట్టుకొచ్చావా!" అని ఏడ్చేసింది. సంతోషానికే ఏడ్చింది, నువ్వు బెంగపడకు.

సత్తిరాజు రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని, "ఓ...య్!" అని కేకేశాడు. ఆయన గొంతు అంత పెద్దదని ఊరికి అప్పుడే తెలిసింది. పిల్లలు ముందు, పెద్దలు వెనక, అందరూ లంక తోక దగ్గరికి పరిగెత్తుకొచ్చారు. తాతబ్బాయి పంచె తడుపుకుంటూ మేట మీదికి వచ్చి, వంగి, ఒక మొలకని చూశాడు. ఇంకో మొలకని చూశాడు. మూడోదాన్ని కూడా చూశాడు, ఆయన ఆయనే కదా.

"ఇవెక్కడివి? నువ్వు చల్లలేదు కదే" అన్నాడు.

"చల్లలేదండీ. నాకూ తెలీదు" అంది లోకమ్మ. అప్పుడైనా చల్లానని ఒక్క అబద్ధం ఆడొచ్చా? ఆడలేదు.

అప్పుడు సత్తిరాజు దగ్గాడు. "భాద్రపదంలో పడవకి తారు పూయించడానికి ఎగువకెళ్ళాను. గట్టు పొడుగునా చిక్కుడు పందిళ్ళే. ఒక పందిరి కింద ఒక తల్లి మూడేళ్ళ కొడుక్కి అన్నం పెడతంది. ఇంకో పందిరి కింద ఒక ముసలాయన గునపంతో పాదు చేస్తన్నాడు. ఇంకోచోట ఒక పిల్ల వామనగుంటలాడతంది. ఎర్రబొట్టు గింజలు. నిరుటి ఎండుకాయలు పగిలి గింజలు ఒడ్డు మీదంతా రాలి ఉన్నాయి. మొన్న వచ్చిన చిన్న వరదే ఊడ్చుకొచ్చి ఇక్కడ పోసుంటాది."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేంట్రా!" అని ఊరంతా ఒక్కసారి అరిచింది.

"నన్నెవరడిగారు?" అన్నాడు సత్తిరాజు.

తాతబ్బాయి తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు. ఏట్లోకి చూశాడు. ఏరు మామూలుగానే ఎగువ నుంచి దిగువకి పోతోంది.

"చల్లడమంటే ఏంటి?" అన్నాడు, తనలో తను అనుకున్నట్టు. "చేతిలోవి వదలడమే కదా. మేం ఏడడుగుల దాకా పట్టుకు కూర్చుని వదులుతాం. ఈవిడ నలభై అడుగులప్పుడే వదిలేసింది. గింజ లోకమ్మది. మేటా లోకమ్మదే."

లోకమ్మ చెంబు గోదాట్లో ముంచింది. మేట మీద, మొలకల మొదట్లో, మెల్లగా పోసింది. "కాళ్ళు కడుక్కో తల్లీ" అంది. గుసగుసగానే అంది గానీ నేలకి వినపడే ఉంటుంది.

అందరూ ఇక వెనక్కి తిరుగుతున్నారు. తాతబ్బాయి మాత్రం కదల్లేదు. లోకమ్మ చేతిలోంచి ఆ చెంబు తీసుకున్నాడు. అంత పెద్దమనిషి మోకాళ్ళ లోతు దిగి, నీళ్ళు ముంచుకొచ్చి, ఆవిడ ఇసక కాళ్ళ ముందు పెట్టాడు. రేవులో మింగేసిన మాటకి బదులు మాట చెప్పాలి కదా.

"వచ్చావా లోకమ్మా," అన్నాడు, "కాళ్ళు కడుక్కో."

అప్పట్నించీ పాలపిట్టలంకలో ఎగువకి పోయే ప్రతి పడవకీ గుప్పెడేసి గింజలిచ్చి పంపిస్తారట. కొందరు పుణ్యానికి, కొందరు భూమికి. తాతబ్బాయి రెండిటికీ. లోకమ్మ మాత్రం ఎందుకిస్తోందో అనుకోకుండానే ఇస్తుంది.

ఊఁ అనడం లేదేంటి? కళ్ళు మూతలు పడ్డాయా? పడనీ. నేనే చెప్పుకుంటాలే చివరి పాట.

గోదారి గోదారి, ఎటు పోయావే?
గింజమ్మ వెంట నే తోడు పోయానే.
గింజమ్మ గింజమ్మ, ఏం తెచ్చావే?
బొట్టెట్టి నేలని బుజ్జగించి తెచ్చానే.
నేలమ్మ నేలమ్మ, ఎప్పుడొచ్చావే?
కాళ్ళు కడుక్కుని ఇప్పుడొచ్చానే.
కథేమో పడవెక్కి కంచి రేవుకి,
మనమేమో నిదరెక్కి ఇంటి రేవుకి.